ముందునుంచి గాలి వదిలే రాతి పెన్ను: నత్తలకు భేష్, సీ అర్చిన్లకు మాత్రం చూసుకుని

కంప్రెసర్ గాలితో సూదిమొనను టకటకా ఆడించి శిలాజాల మీది రాయిని రాల్చే గాలి పెన్నుల్లో ఏది కొనాలని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: వాడిన గాలి ఎటునుంచి బయటికి పోతుంది? మిగతావన్నీ ఆ తర్వాతే. నా పెన్నుకు ఆ గాలి మొన పక్కనున్న చిన్న బెజ్జాల్లోంచి వస్తుంది. సూది రాయిని కొడుతుంటే రాలిన పిండిని ఆ గాలే ఊదేస్తుంది. ఆగడం, బ్రష్‌తో దులపడం, మళ్ళీ కళ్ళు చిట్లించి వెతుక్కోవడం, ఆ గోలేమీ లేదు. అంతకుముందు వాడిన కరెంటు ఎన్‌గ్రేవర్‌తో సగం సాయంత్రం దులుపుడుకే పోయేది. వెనకనుంచి గాలి వదిలే రకం కూడా ఒక స్నేహితుడి దగ్గర పట్టి చూశాను. కొట్టడం బాగానే కొడుతుంది, గాలంతా మణికట్టు మీదికి పోతుంది, చూడాల్సిన చోట దుమ్ము కుప్పగా అలాగే ఉంటుంది.

ఒంగోల్లో కూర్చున్నవాడికి సీ అర్చిన్లు, అంటే ఒళ్ళంతా ముళ్ళుండే గుండ్రటి సముద్రజీవుల శిలాజాలు, ఎక్కడివంటారేమో. మా పక్కనున్న చీమకుర్తి గెలాక్సీ రాయిలో భూతద్దం పెట్టి వెతికినా గుల్ల దొరకదు, అది కరిగి గడ్డకట్టిన రాయి. నావి తమిళనాడులోని అరియలూరు సున్నపురాయి గనుల దగ్గరివి. మా బావమరిది అటువైపు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పండక్కి పోయినప్పుడు గనివాళ్ళను అడిగి, పక్కన పోసిన కుప్పల్లో ఏరుకుంటాం. నత్తలు కొన్ని అక్కడివి, కొన్ని గోదావరి వైపు దుద్దుకూరువి. దుద్దుకూరులో డెక్కన్ లావా కింద పొరలో టరిటెల్లాలు, అంటే మెలితిరిగిన పొడవాటి సముద్రపు నత్తగుల్లలు, విరివిగా ఉంటాయి.

పెన్ను సత్తా తెలిసేది ఆ టరిటెల్లాల మీదే. గుల్ల చుట్టూ తిరిగే సన్నని గీతల మధ్య ఇరుక్కున్న మట్టిని చేతిసూదితో తీయబోతే గీతలే ఊడిపోతాయి. పెన్నును అడ్డంగా వాల్చి గాలి తగ్గించి ఆనిస్తే మట్టి పొలుసులుగా లేస్తుంది, లేచింది లేచినట్టే ఎగిరిపోతుంది. కింద గీత కనబడుతూనే ఉంటుంది కాబట్టి చెయ్యి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. దీనికోసమే కొన్నాను, ఇప్పటికీ దీనికి తిరుగులేదు.

సీ అర్చిన్ల సంగతి వేరు. అరియలూరులో స్టిగ్మటోపైగస్ అనే పెద్ద రకం దొరుకుతుంది, ఏడు కోట్ల ఏళ్ళ నాటిది. దాని వీపు మీద అయిదు రేకుల గుర్తు, ఒక్కో రేకు అంచున జంటలు జంటలుగా సూదిబెజ్జాలు. పైన పట్టిన సున్నపురాయిని పెన్ను చకచకా తీసేస్తుంది. చివరి పొర దగ్గరే చిక్కు. సీ అర్చిన్ పెంకులో ప్రతి పలకా ఒకే కాల్సైట్ స్ఫటికం, సున్నపురాయిలో ఉండే ఖనిజమే. మొన నేరుగా తగిలితే తెల్లటి మచ్చ పడుతుంది, గట్టిగా తగిలితే అద్దం ముక్కలా నున్నగా పగులుతుంది. అందుకని చివరి పొర కుట్టుసూదికి, టూత్‌బ్రష్‌కి వదిలేస్తాను. వెనిగర్ పొయ్యమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. మట్టీ సున్నమే, పెంకూ సున్నమే, ఆమ్లం ఏది వదిలి ఏది తినాలి?

ఇక అసలు కథ. ఈశాన్య రుతుపవనం పట్టుకున్నాక ఒక రాత్రి పెన్ను గాలితో పాటు నీళ్ళు చిమ్మడం మొదలుపెట్టింది. ముందునుంచి వచ్చే గాలి కదా, ఆ తడంతా నేరుగా రాయి మీద పడింది. రాలిన పిండి ముద్దయి రేకుల బెజ్జాల్లో కూరుకుపోయింది. ఆరాక గీకితే రాదు. రెండు రోజుల తర్వాత పెన్నే గుర్రుమని ఆగిపోయింది. డబ్బాలో ఇచ్చిన కాగితంలో నీళ్ళ ఊసే లేదు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే కొత్తది తీసుకోండి సార్, తగ్గించి ఇస్తాం అన్నాడు.

చీమకుర్తిలో పాలిషింగ్ ఫ్యాక్టరీల గాలి సుత్తులు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసి అక్కడికి పట్టుకెళ్ళాను. ఆయన పెన్ను విప్పి, లోపలి పిస్టన్ మీద గోధుమరంగు తుప్పు చూపించాడు. కిరసనాయిల్లో కడిగి, సన్న ఎమరీ కాగితంతో రుద్ది, తన డబ్బాలోంచి ఒక రబ్బరు ఓ-రింగ్ వేసి బిగించాడు. “అబ్బాయా, దీనికేం రోగం లేదు. మన సముద్రపు గాలిని ట్యాంకులో కుదించావు, నీళ్ళు రాకుండా ఎట్టా ఉంటయ్యి?” అన్నాడు. గాలిలోని నీళ్ళను పట్టి ఆపే వాటర్ ట్రాప్‌ను కంప్రెసర్ నోటికే బిగిద్దామనుకున్నానని చెబితే తల అడ్డంగా ఊపాడు. “ఆడ గాలి కాలిపోతా ఉంటది, నీళ్ళు ఆవిరిగానే దాటిపోతయ్యి. పైపులో చల్లబడినాకే కిందికి దిగుతయ్యి. ట్రాప్ చేతి దగ్గర పెట్టు, ట్యాంకు కింద నీళ్ళొదిలే కాక్ రోజూ విప్పు.” కూలి అడిగితే ఓ-రింగ్ డబ్బులే తీసుకున్నాడు.

ఆయన చెప్పినట్టే ట్రాప్‌ను పెన్నుకు బారెడు దూరంలో పెట్టాను. ఆ తర్వాత వానాకాలంలో కూడా తడి రాలేదు. పిస్టన్ పట్టేయకుండా పైపులో ఒక నూనె చుక్క వెయ్యమన్నాడు, వేస్తున్నాను. దాంతో ఇంకోటి తయారైంది. ఆ నూనె కూడా నేను మెచ్చుకున్న బెజ్జాల్లోంచే సన్న తుంపరగా వస్తుంది. తెల్ల సున్నపురాయి నూనె పీల్చుకుంటే ఆ మరక పోదు. అందుకని చుక్క వేసిన రోజు ముందు పాత లుంగీ గుడ్డ మీద కాసేపు ఆడించి, తర్వాతే రాయి మీద పెడతాను. వెనకనుంచి గాలి వదిలే పెన్నువాళ్ళకు ఈ తిప్పలేమీ ఉండవు. వాళ్ళ ముందు నేనిప్పుడు కొంచెం తగ్గి మాట్లాడుతున్నాను.

దుమ్ము సంగతి కూడా చెప్పాలి. గాలి ముందుకు ఊదితే పిండి మొన దగ్గర ఉండదు, నిజమే, కానీ ముఖం దగ్గరికి వస్తుంది. రాతిపొడి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో క్వారీలున్న ఊళ్ళవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇసుక కలిసిన రాయైతే మరీ జాగ్రత్త. నేను ముందువైపు అద్దం, పక్కల చేతులు పెట్టే బెజ్జాలు ఉన్న పెట్టె చేయించుకుని, దానికి వాక్యూమ్ క్లీనర్ తగిలించాను. ఎన్95 మాస్క్ దానికి అదనం.

కొనమంటానా అంటే, నాది సొంత ఇల్లు, పైన డాబా, పక్కింటివాళ్ళు ఎక్కువగా ఊళ్ళో ఉండరు. కంప్రెసర్ రొద నాకు చెల్లింది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకు చెల్లదు. లావా పొరల మధ్య చెర్ట్ రాయిలో దొరికే మంచినీటి నత్తల కోసమైతే అసలొద్దు, ఆ రాయి గట్టిదనానికి మొన అరుగుతుంది తప్ప నత్త బయటికి రాదు. మీ దగ్గర సున్నపురాయిలో నత్తలు ఎక్కువుంటే తీసుకోవచ్చు. సీ అర్చిన్లే ఎక్కువైతే వెనకనుంచి గాలి వదిలే రకం కూడా ఎవరి దగ్గరైనా ఒకసారి పట్టి చూడండి. ఏది తీసుకున్నా వాటర్ ట్రాప్ డబ్బులు ముందే పక్కన పెట్టుకోండి, అది డబ్బాలో రాదు.