మా హాల్‌కు లేత నీలం: నాలుగేళ్లు ఉన్నాక

2021 దసరాకు ముందు హనుమకొండలో మా ఇంటి హాల్‌కు లేత నీలం వేయించాం. పుట్టీ, ప్రైమర్, రెండు కోట్లు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. రంగు ఇప్పటికీ ఎక్కడా పెచ్చు లేవలేదు, తడిగుడ్డతో తుడిస్తే మరకలు పోతున్నాయి. నేను రాస్తున్నది ఆ నాలుగు గోడల మధ్య రోజూ ఉంటే మనసుకు ఎలా ఉంటుందో చెప్పడానికి.

ఆ ఏడు సద్దుల బతుకమ్మను హాల్లోనే పేర్చాం. నీలం గోడ ముందు తంగేడు, బంతి వెలిగిపోతుంటే వచ్చినవాళ్లంతా అక్కడే ఫొటోలు దిగారు. ఎండాకాలం ఇంకా హాయి. మే నెల మిట్టమధ్యాహ్నం చౌరస్తా నుంచి స్కూటీ మీద వచ్చి తలుపు తీస్తే ముందు కళ్లు చల్లబడేవి. గదిలో వేడి ఏమీ తగ్గదని తెలుసు, అయినా ప్రాణం లేచొచ్చేది. నీలం మనసుకు నెమ్మది అంటారు, నిజమేనని పది మందికి చెప్పాను. నా మాట విని చెల్లెలు కూడా వాళ్లింట్లో వేయించింది.

ఆ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

2023 జూలై వానలు ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటాయి. కాలనీలకు కాలనీలే మునిగాయి. మా వీధిలోకి నీళ్లు రాలేదు కానీ రోజుల తరబడి ఎండ లేదు, పిల్లలకు బడి లేదు, అందరం హాల్లోనే. మా హాల్ కిటికీలు రెండూ ఉత్తరం వైపే. పగలే ట్యూబ్‌లైట్ వేసుకున్నాం. మూడో రోజుకు ఒకరితో ఒకరికి మాట్లాడబుద్ధి కాలేదు. కంచంలో టమాటా పచ్చడి ఎరుపు చచ్చి మట్టిరంగుకు తిరిగింది. పసుపు రాసుకున్న అత్తమ్మ పాదాలు జబ్బు మనిషి పాదాల్లా పాలిపోయి కనిపించాయి. ఆమె హాల్లో కూర్చోవడమే మానేసి వంటింటి గడప దగ్గర పీట వేసుకుంది.

“దవాఖాన్ల కూసున్నట్టున్నదే బిడ్డా” అంది.

నాకు కోపం వచ్చింది, అంత ఇష్టంగా ఎంచుకున్న రంగు మరి. కానీ తలెత్తి చూస్తే అది షేడ్ కార్డులో నేను వేలు పెట్టి చూపించిన నీలం కాదు. తడిసిన సిమెంటు గోడలా ఉంది.

అయిదో రోజు సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, ట్యూబ్‌లైట్ మాత్రం మళ్లీ వెలగలేదు. వీధి చివరి కిరాణా దుకాణంలో పసుపు వెలుగు బల్బు ఒక్కటే దొరికింది. డబ్బా మీద 3000 కెల్విన్ అని ఉంది, ఆ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపుగా, పెరిగేకొద్దీ నీలంగా ఉంటుంది. పాత ట్యూబ్‌లైట్‌ది 6500. తప్పక అదే పెట్టాం. కాసేపటికి అత్తమ్మ పీట పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఎవరూ పిలవలేదు. చాటలో వెల్లుల్లి పోసుకుని ఒలుస్తూ కూర్చుంది. పిల్లలు ఆమె పక్కకు చేరి అష్టాచెమ్మా గీసుకున్నారు. మళ్లీ మాటలు మొదలయ్యాయి. నేను వంటింట్లోంచి వింటూ చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

గోడ తన మీద పడ్డ వెలుగులోంచే రంగును వెనక్కి పంపుతుంది. 6500 వెలుగులో నీలం పాలు ఎక్కువ, దానికి నీలం గోడలు తోడైతే ఎరుపు, పసుపు నీరసించిపోతాయి. ఉత్తరం కిటికీలోంచి ఎండాకాలం పొద్దున, సాయంత్రం కాస్త ఏటవాలు ఎండ పడుతుంది. దసరా దాటితే చుక్క ఎండ రాదు, ఆకాశం వెలుగొక్కటే. నేను పొగిడిన హాయి సగం ఆ ఎండదే. అత్తమ్మ పుట్టింట్లో గోడలకు సున్నం, అడుగున జాజు (ఎర్రమట్టి) పట్టీ ఉండేవట. సున్నంలో నీలిమందు చిటికెడే వేసేవారట, తెలుపు తేలడానికి. “గోడంత నీలం ఎవరు పూసిండ్రు?” అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు.

పసుపు బల్బుతోనూ ఇబ్బందులున్నాయి. రాత్రి గోడ కొంచెం ఆకుపచ్చకు తిరుగుతుంది, పిల్లల చదువుకు వేరే టేబుల్ లైట్ కొనాల్సి వచ్చింది. వరంగల్ కొత్తవాడ నుంచి ఎర్ర చారల జంపఖానా ఒకటి తెచ్చి పరిచాక గది ఇంకాస్త కుదుటపడింది. మా గదికి ఆ ఎర్ర చారలే మేలు చేశాయి.

మీ హాల్‌కు తూర్పు ఎండో, దక్షిణపు ఎండో వస్తే, పగలంతా ఆఫీసులో ఉండేవాళ్లయితే, ఈ నీలం మీకు నచ్చవచ్చు. చెల్లెలిది తూర్పు ఇల్లు, ఆమెకు ఇప్పటికీ ఏ ఫిర్యాదూ లేదు. పొద్దస్తమానం ఇంట్లోనే ఉండే పెద్దవాళ్లుంటే మాత్రం నేను ధైర్యంగా వేయించుకోమని చెప్పలేను. మా ఇంట్లో మళ్లీ రంగులేసే మాట వచ్చింది. ఈసారి చిన్న డబ్బాలు తెచ్చి మూడు అట్టలకు మూడు రంగులు పూసి ఉత్తరం గోడకు అంటించాను. గంధం రంగు అట్ట దగ్గర అత్తమ్మ రోజూ ఒకసారి ఆగుతోంది. కార్తీకం సాయంత్రాలు కూడా చూశాకే పెద్ద డబ్బా కొంటాం.