సౌష్టవం పాఠానికి ఏది మేలు: మడతా, అద్దమా, చుక్కలా?

పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీదికి సాయంత్రం ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో చాలామంది బడిలో లెక్కలు ఒడియాలో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు కలిసింది. రెండు భాషల మధ్య చదువుకోవడం ఇక్కడ తాతల నాటి నుంచీ ఉన్నదే. అయినా జామెట్రీలో సౌష్టవం దగ్గరికి వచ్చేసరికి 'సౌష్టవాక్షం' (మడిస్తే బొమ్మ రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కలిసే గీత) అన్న మాటకే పిల్లలు బిక్కమొహం వేస్తారు. అందుకని ఈ పాఠంలో ముందు పిల్లల చేతికి ఏదో ఒకటి ఇస్తాను, పేరు తర్వాత చెబుతాను. ఏమివ్వాలి? కాగితం మడత, అద్దం, చుక్కల కాగితం, ఫోను, నాలుగూ వాడి చూశాను. నా ఓటు మడతకే, అదీ పిన్నీసుతో కలిపి.

ముందు అద్దం సంగతి. పరావర్తనం, అంటే గీతకి అవతల ప్రతిబింబం రావడం, అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది అదే. ఒడియాలోనూ దర్పణమే కాబట్టి మాట తంటా లేదు. బొమ్మ మీద నిలబెట్టగానే పిల్లల మొహాలు వెలిగిపోతాయి. కానీ అద్దంతో ఒక చిక్కుంది. ఎక్కడ పెట్టినా సౌష్టవంగానే చూపిస్తుంది. ఆరో తరగతి పిల్లాడొకడు దీర్ఘచతురస్రం కర్ణం మీద అద్దం పెట్టి "వచ్చింది మేస్టారూ!" అన్నాడు. నిజానికి అందులో కనిపించింది దీర్ఘచతురస్రం కాదు, గాలిపటం ఆకారం. అద్దం వెనకున్న అసలు సగం వాడికి కనపడదు, పోల్చుకునే వీలు లేదు.

ఇంకోటి, మామూలు అద్దానికి పూత వెనకవైపు ఉంటుంది. గాజు ముందు అంచుని గీత మీద పెడితే బొమ్మకీ ప్రతిబింబానికీ మధ్య సన్నటి సందు వస్తుంది. వెనక అంచు గీత మీదికి రావాలి. ఇది చెప్పకపోతే కొలతలు కుదరక పిల్లలకి టెన్షన్. అద్దం బదులు పూత లేని గాజు పలక నిలబెడితే ప్రతిబింబమూ కనిపిస్తుంది, వెనక ఉన్న కాగితమూ కనిపిస్తుంది. పెన్సిల్‌తో ప్రతిబింబం మీదే గీయొచ్చు. అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి చిన్నపిల్లల చేతికి ఇవ్వను.

ఆ పిల్లాడికే ఒక దీర్ఘచతురస్రపు కాగితం ఇచ్చి, కర్ణం మీద మడతపెట్టమన్నాను. రెండు మూలలూ రెండు చెవుల్లా విడివిడిగా నిలబడ్డాయి. వాడు తిరగేశాడు, మళ్లీ మడిచాడు, గోటితో గట్టిగా రాశాడు. చెవులు అలాగే ఉన్నాయి. "రెండు ముక్కలూ సమానమే కదా, మరెందుకు కలవట్లేదు?" అన్నాడు. పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. కర్ణం రెండు సమాన త్రిభుజాలు చేస్తుంది, నిజమే. కానీ ఒకదాని మీదికి రెండోది రావాలంటే మడిస్తే చాలదు, కోసి సగం చుట్టు తిప్పాలి. సగాలు సమానం కావడం వేరు, ఒకటి రెండోదానికి ప్రతిబింబం కావడం వేరు. సమాంతర చతుర్భుజంలో పెద్ద తరగతి పిల్లలు కూడా తడబడేది ఇక్కడే. దీర్ఘచతురస్రానికి 2 సౌష్టవాక్షాలు, చతురస్రానికి 4, సమబాహు త్రిభుజానికి 3. మామూలు సమాంతర చతుర్భుజానికి ఒక్కటీ లేదు. ఇవి బట్టీ పట్టించక్కర్లేదు, మడిస్తే తెలిసిపోతాయి.

ఇక పిన్నీసు. నోటుబుక్కు కాగితాన్ని ఏటవాలుగా, ఇష్టమొచ్చినట్టు మడవమంటాను. మడత విప్పకుండానే, మడత గీతకి కాస్త పక్కన, రెండు పొరలూ దిగేలా ఒక్క పోటు. విప్పితే రెండు చిల్లులు. వాటిని స్కేలుతో కలిపి, మడతకి అటూ ఇటూ కొలవమంటాను. అటెంతో ఇటూ అంతే. కోణమానిని పెడితే 90 డిగ్రీలు. ఇంకోచోట పొడిస్తే మళ్లీ అదే. అప్పుడు చెబుతాను: ఈ మడత గీత ఆ రెండు చిల్లుల్ని కలిపే రేఖాఖండానికి లంబ సమద్విఖండన రేఖ అని. కళ్లతో చూసి, కొలిచాక విన్న మాట కాబట్టి అది ఏ భాషలో ఉన్నా నిలుస్తుంది. సరిగ్గా మడత గీత మీదే పొడిస్తే ఒక్కటే చిల్లు. అక్షం మీద ఉన్న బిందువు కదలదని దాంతోనే తేలిపోతుంది.

చుక్కల కాగితం మా పిల్లలకి కొత్త కాదు. మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్ల ముందు బియ్యప్పిండి ఝోటి, సంక్రాంతికి మన ముగ్గు. గీయడానికి, లెక్కించడానికి చుక్కలే మేలు. కానీ తిప్పుడు ముగ్గులతో జాగ్రత్త. స్వస్తిక్‌ని పావు చుట్టు తిప్పితే మళ్లీ అలాగే ఉంటుంది, ఎక్కడ మడిచినా మాత్రం కలవదు. అందంగా ఉన్న ప్రతిదానికీ అక్షం ఉంటుందనుకునే పిల్లలకి అదొక్కటి చూపిస్తే చాలు.

చుక్కల అసలు లోటు ఏటవాలు అక్షం. గీత వాలుగా ఉన్నా పిల్లలు చుక్కల్ని అడ్డంగానే లెక్కపెట్టుకుంటూ పోతారు, ప్రతిబింబం తప్పుతుంది. దీనికి నాకు దొరికిన ఉపాయం ఒకటే: అక్షం నిలువుగా కనపడేదాకా పుస్తకాన్ని తిప్పమనడం. తిప్పాక చేతికి లంబ దిశ దానంతటదే తెలుస్తుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకైతే నిరూపకాలతో సరిచూసుకోమంటాను. (3, 1) ని y = x రేఖలో పరావర్తనం చేస్తే (1, 3). మధ్య బిందువు (2, 2) ఆ రేఖ మీదే ఉంది.

ఫోనులో జియోజెబ్రా (జామెట్రీ బొమ్మలు గీసి కదిపే యాప్) మంచిదే. బిందువుని లాగితే ప్రతిబింబం అటు నుంచి కదిలి వస్తుంది. కానీ పన్నెండు మందికి ఒక్క ఫోను ఉన్నచోట ఒకరు లాగుతారు, పదకొండు మంది చూస్తారు. పాఠం అయ్యాక వాడతాను, ముందు వాడను.

ఒక్క పీరియడే ఉన్న టీచరైతే పాత పరీక్ష కాగితాలు, నాలుగు పిన్నీసులు పట్టుకెళ్లండి. రెండో రోజు దొరికితే చుక్కల కాగితం. అద్దం మూడో రోజుకి, పిల్లలు ముందే గీసుకున్న గీత సరైనదో కాదో చూడటానికి: అద్దం పెట్టి చూడాలి, తీసి చూడాలి, రెండూ ఒకటేనా అని అడగాలి.