531 స్టిక్కర్, మెరిసే పెయింట్ చూసి డబ్బులు పంపకండి

ఇంగ్లండ్‌లో పాత స్టీల్ సైకిల్ ఫ్రేములు వెతుక్కునే మనవాళ్ల కోసం రాస్తున్నా. "1970ల నాటి చేతితయారీ ఫ్రేమ్, రెనాల్డ్స్ 531 డబుల్ బటెడ్, పూర్తిగా బాగుచేసి కొత్త గేర్లకు సరిపడేలా మార్చాం" అన్న ప్రకటన చూసి ఆన్‌లైన్‌లో కొన్నాను. (531 అంటే రెనాల్డ్స్ కంపెనీ స్టీలు గొట్టాల్లో ఒక రకం. డబుల్ బటెడ్ అంటే చివర్లు మందంగా, మధ్యలో పలచగా ఉండే గొట్టం.) ఫోటోల్లో పెయింట్ ధగధగలాడుతోంది. మోసమంతా దాని కిందే ఉంది.

531 డబుల్ బటెడ్ ఫ్రేముకు మామూలుగా 27.2 మి.మీ. సీట్‌పోస్ట్ (సీటును మోసే కడ్డీ) పడుతుంది. దీనిలో 26 కూడా కష్టంగా దిగింది. అంటే సీటు గొట్టం గోడ మందంగా ఉంది, వాళ్లు చెప్పిన రకం కాదు. ఆ స్టిక్కర్లు కొత్తవి విడిగా దొరుకుతాయి, ఏ ఫ్రేముకైనా అంటించుకోవచ్చు.

కొత్త గేర్ల చక్రం పట్టేలా వెనక డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే గాడుల) మధ్య ఎడం 126 నుంచి 130 మి.మీ.కి పెంచారు. స్టీలు కాబట్టి రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్లు వంచడం తప్పేం కాదు, పనితెలిసినవాళ్లు చేసేదే. నాకు అమ్మినాయన మాత్రం ఒక్క పక్కే లాగేశాడు. ఒక డ్రాపౌట్‌కి దారం కట్టి, హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ముందుండే పొట్టి గొట్టం) చుట్టూ తిప్పి రెండోదానికి కట్టి చూడండి. దారానికీ సీటు గొట్టానికీ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉండాలి. నా ఫ్రేములో తేడా కొలవక్కర్లేకుండానే కనిపించింది.

పై గొట్టం మీద ఒకచోట అయస్కాంతం అంటుకోలేదు. గోకితే కార్ల సొట్టలకు పూసే పుట్టీ బయటపడింది! బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ ఇరుసు బిగించే చోటు) లోపలి మరచుట్ల నిండా పెయింటే.

అడిగితే "పాతదన్నాక ఇవన్నీ మామూలే" అన్నాడు. పైగా తను వ్యాపారి కాదట, ఇంట్లో ఉన్నది అమ్ముకున్నాడట. ఆయన పేజీలో ఇలాంటి ఫ్రేములు వరసగా ఉన్నాయి మరి. వ్యాపారి కాదన్న ఆ మాట ఊరికే అనలేదు. అక్కడ దుకాణం నుంచి ఆన్‌లైన్‌లో కొంటే, వస్తువు అందాక 14 రోజుల్లోపు వద్దనే హక్కు ఉంటుంది. సొంత వస్తువు అమ్ముకునే మనిషికి అది వర్తించదు.

కొత్త పెయింట్ ఉంటే, వేయకముందు తీసిన ఫోటోలు అడగండి. ముఖ్యంగా హెడ్ ట్యూబ్ వెనక, డౌన్ ట్యూబ్ (అక్కణ్నుంచి పెడల్స్ వైపు దిగే గొట్టం) అడుగుభాగం. ముందు నుంచి గుద్దుకున్న ఫ్రేము అక్కడే ఉబ్బుతుంది. ఫోటోలు లేవంటే వదిలేయండి. నన్నడిగితే, రంగు చెక్కులూడినా పాత పెయింటుతో ఉన్నదే కొని, మీకు నచ్చిన చోట వేయించుకోండి.

డబ్బు వాపసు కోసం కార్డు బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు.