1938లో గెలిచి ఉంటే, 1947లో గెలిచి ఉంటే: హైదరాబాద్‌కు ఏది మేలు?

1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17 దగ్గర పడిందంటే చాలు, ఆ రోజును ఏ పేరుతో జరపాలన్న వాదం హైదరాబాద్‌లో మొదలవుతుంది. ఒకరికి అది విమోచనం, మరొకరికి విలీనం, ఇంకొకరికి విద్రోహం. 2022లో పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం ఒక పేరుతో, పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్రం మరొక పేరుతో ఒకే ఉదయం జెండాలు ఎగరేశాయి. ఎవరి వాదం ఏదైనా, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వాన్ని లొంగదీసింది భారత సైన్యమని, అంతకు పదేళ్ల ముందు నుంచీ బాధ్యతాయుత ప్రభుత్వం, అంటే ప్రజల ప్రతినిధులకు జవాబు చెప్పే ప్రభుత్వం, కోసం ప్రజలు చేసిన ఉద్యమాలు తమ బలంతో ఆ పని చేయలేకపోయాయని అందరూ ఒప్పుకుంటారు. అవి చేయగలిగి ఉంటే ఏమయ్యేదన్నది పేరు తగాదా కంటే పనికొచ్చే ప్రశ్న అని నా అభిప్రాయం.

ఊహలో ఎవరినైనా గెలిపించవచ్చు గనుక కొంత కట్టడి అవసరం. అప్పట్లో నిజంగా నడిచిన ఉద్యమాలనే తీసుకుని, అదే కాలంలో పొరుగు సంస్థానాల్లో జరిగినదాన్ని కొలబద్దగా పెట్టుకుంటున్నాను. అలా చూస్తే గెలుపునకు రెండు అవకాశాలు కనిపిస్తాయి. ఒకటి 1938 అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా స్టేట్ కాంగ్రెస్ నడిపిన సత్యాగ్రహం, రెండోది హైదరాబాద్ భారత యూనియన్‌లో చేరాలంటూ 1947 ఆగస్టు 7న మొదలైన 'జాయిన్ ఇండియా' ఉద్యమం. వీటి పక్కన నిజంగా జరిగిన చరిత్రను, అంటే మన పెద్దలు 'పోలీస్ యాక్షన్' అని పిలిచే 1948 సైనిక చర్యను, మూడోదిగా నిలబెట్టి చూడాలి.

1938 నాటి పరిస్థితి ఇది. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలన్న ఉత్తర్వు, గస్తీ నిషాన్ 53, అమలులో ఉంది. ఆంధ్ర మహాసభ, మహారాష్ట్ర పరిషత్తు, కర్ణాటక పరిషత్తు ఎవరి భాషా ప్రాంతంలో అవి పనిచేస్తున్నాయి. ఈ మూడు ప్రాంతాల నాయకులు కలిసి స్టేట్ కాంగ్రెస్ పెట్టబోతే, అది పురుడు పోసుకోకముందే సెప్టెంబర్‌లో నిషేధం పడింది. అక్టోబర్ 24న గోవిందరావు నానల్ నాయకత్వాన సత్యాగ్రహం మొదలై, జట్టు వెనుక జట్టు అరెస్టవుతూ రెండు నెలలు సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించింది కూడా ఆ రోజుల్లోనే. అలా నాగపూర్‌కు చదువు మార్చుకున్నవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. అయితే ఆర్యసమాజం, హిందూ మహాసభ కూడా అప్పుడే వేరే సత్యాగ్రహం నడపడంతో, స్టేట్ కాంగ్రెస్‌ది మత ఉద్యమమేనని చెప్పడం సర్కారుకు సులువైంది. గాంధీ సలహా మీద డిసెంబర్ 24న దాన్ని ఆపేశారు. మరుసటి ఏడాది ప్రధానమంత్రి అక్బర్ హైదరీ ప్రభుత్వం ఒక సంస్కరణల పథకం ప్రకటించింది గానీ, అందులో ప్రజలు ఎన్నుకునే సభ్యులు సగానికి తక్కువ. పైగా యుద్ధం పేరు చెప్పి దాన్ని కూడా అటకెక్కించారు. కాంగ్రెస్ మీద నిషేధం 1946 దాకా తొలగలేదు.

ఆ సత్యాగ్రహం గెలిచి ఉంటే ఏం వచ్చేది? నిజాం గద్దె దిగేవాడు కాదు. అంత ఆశ పెట్టుకోవడం ఊహకు కూడా మితిమీరినదే, ఎందుకంటే నిజాం కొలువులోని బ్రిటిష్ ప్రతినిధి, రెసిడెంటు, వెనుక బ్రిటిష్ సార్వభౌమాధికారం ఉంది, సంస్థానాధీశులలో అందరికంటే పెద్దవాడిని వాళ్లు పడిపోనిచ్చేవారు కాదు. గుజరాత్ ప్రాంతపు సంస్థానం రాజ్‌కోట్‌లో ఏం జరిగిందో తెలిసిందే. 1938 డిసెంబర్‌లో అక్కడి పాలకుడు ఠాకూర్ సాహెబ్, సర్దార్ పటేల్‌తో ఒప్పందం చేసుకుని, కొద్ది వారాలకే మాట తప్పాడు; గాంధీ నిరాహారదీక్ష చేసినా ఫలితం దక్కలేదు. అదే కాలంలో ఔంధ్ రాజా తన చిన్న సంస్థానాన్ని ప్రజలకే అప్పగించాడన్నది నిజమే గానీ, ఔంధ్‌ను చూపి హైదరాబాద్‌ను అంచనా కట్టలేము. కాబట్టి 1938 గెలుపు అంటే సగం గెలుపే: కాంగ్రెస్‌కు చట్టబద్ధత, గస్తీ 53 రద్దు, పత్రికలకు ఊపిరి, ఎన్నికైనవారికి ఆధిక్యం ఉన్న శాసనసభ, పైన మాత్రం నిజాం.

1947 గెలుపు దీనికి పూర్తిగా భిన్నం, దానికి మైసూరు నమూనా మన కళ్లముందే ఉంది. అక్కడి మహారాజు భారత యూనియన్‌లో చేరాడు గానీ, దివాన్ రామస్వామి ముదలియార్ బాధ్యతాయుత ప్రభుత్వం ఇవ్వలేదు. కె.సి. రెడ్డి నాయకత్వాన సెప్టెంబర్‌లో 'మైసూరు చలో' మొదలైంది, అక్టోబర్ నెలాఖరుకల్లా ఆయనే ముఖ్యమంత్రి అయ్యాడు. తిరువాన్కూరులోనూ స్వతంత్రంగా ఉంటామన్న దివాన్ సి.పి. రామస్వామి అయ్యర్ జూలైలో తన మీద దాడి జరిగాక పదవి వదిలి వెళ్లాడు, 1948 మార్చికి పట్టం థాను పిళ్లై ప్రభుత్వం వచ్చింది. హైదరాబాద్‌లో మాత్రం స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ ఆగస్టు 15న జైలుకు వెళ్లవలసి వచ్చింది.

మైసూరులో కొత్త మంత్రివర్గం కొలువుదీరిన ఆ రోజుల్లోనే ఇక్కడ ఏం జరిగిందో కొంచెం దగ్గరగా చూడాలి. ఉన్న సంబంధాలను కొంతకాలం అలాగే కొనసాగించే యథాతథ ఒప్పందం ముసాయిదా యూనియన్‌తో సిద్ధమై, దాన్ని ఖరారు చేయడానికి నిజాం ప్రతినిధులుగా ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు, న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఢిల్లీకి బయలుదేరాలి. అక్టోబర్ 27 తెల్లవారుజామున, ఇంకా చీకటి విడకముందే, ముస్లింల రాజకీయ సంస్థ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సమీకరించిన వేలాది జనం వాళ్ల ఇళ్లను చుట్టుముట్టి కదలనివ్వలేదు. పోలీసులు వచ్చి దారి చేయలేదు. ఛత్తారీ రాజీనామా ఇచ్చాడు, ప్రతినిధి బృందం మారిపోయింది, నవంబర్ 29న ఒప్పందం మీద సంతకాలు జరిగేనాటికి రాజ్యంలో చెల్లే మాట ఆ సంస్థ అధ్యక్షుడు కాసిం రజ్వీది. జాయిన్ ఇండియా ఉద్యమం గెలవాలంటే ఆ తెల్లవారుజాము మరోలా నడవాలి, అంటే నిజాం తన సొంత పోలీసులను ఆ గుంపు మీదికి పంపాలి. అంతకు కొన్ని నెలల ముందే, జూన్‌లో, స్వతంత్రంగా ఉంటానని ఫర్మానా ఇచ్చిన మనిషి అలా చేస్తాడని ఊహించడం నాకు కష్టంగా ఉంది.

అయినా చేశాడనే అనుకుని తూకం వేద్దాం. ప్రాణాల లెక్క చూస్తే 1947 గెలుపు పోలీస్ యాక్షన్ కంటే ఎంతో మేలు. రజ్వీ నాయకత్వంలోని సాయుధ వాలంటీర్లు, రజాకార్లు, పల్లెల మీద పడి సాగించిన పదినెలల దౌర్జన్యం తప్పేది. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా జరిగిన ఐదు రోజుల యుద్ధం తప్పేది. ఆ తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండ కూడా తప్పేది. కేంద్రం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఎంత తక్కువగా చూసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని నివేదించింది, ఆ నివేదికను దశాబ్దాల తరబడి బయటపెట్టలేదు. రజాకార్ల దుర్మార్గాలను పూసగుచ్చినట్టు చెప్పేవారిలో చాలామంది ఈ అంకె దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

కానీ 1938 సగం గెలుపు ఇంకా ముందుకు వెళుతుంది. 1947 గెలుపులో రజాకార్లు ఓడిపోతారు. 1938 గెలుపులో వాళ్లు ఆయుధాలు పట్టిన దళంగా తయారయ్యే అవకాశమే తగ్గిపోతుంది. జనాభాలో ముస్లింలు సుమారు ఎనిమిదో వంతే అయినా సర్కారు కొలువుల్లో వాళ్లదే పెద్ద వాటా, కనుక ఎన్నికలంటే వాళ్లలో భయం ఉండటం సహజం. అయితే 1930లలో ఆ భయానికి ఎదురుగా మరొక రాజకీయం కూడా ఉంది. బయటినుంచి వచ్చిన ఉద్యోగుల పెత్తనం మీద ముల్కీలు, అంటే స్థానికులు, హిందువులూ ముస్లింలూ కలిసి, నిలదీస్తున్న కాలం అది. 'రయ్యత్' పత్రిక సంపాదకుడు మందుముల నరసింగరావు, ఇత్తెహాద్ నాయకుడు బహదూర్ యార్ జంగ్ ఎదురెదురుగా కూర్చుని రాజీ చర్చలు జరిపారు. అవి కొలిక్కి రాలేదు, నిజమే. 1938లోనే శాసనసభ ఏర్పడి ఉంటే ఆ బేరసారాలు సభలోనే, ఓట్ల లెక్కతో, ఏడాదికేడాది సాగి ఉండేవి. 1944లో బహదూర్ యార్ జంగ్ చనిపోయి, 1946 చివర్లో లాతూరు వకీలు రజ్వీ చేతికి సంస్థ వచ్చేనాటికి మాట్లాడుకునే చోటే మిగల్లేదు.

ఆ చోటు లేకపోవడం ఎంత దాకా వెళ్లిందో షోయబుల్లాఖాన్ హత్య చెబుతుంది. యూనియన్‌లో చేరడమే మేలని 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రికలో రాసిన యువ సంపాదకుడాయన. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని కాచిగూడ ప్రాంతంలోని ఇంటికి వస్తుండగా దారికాచి కాల్చారు, రాసిన చేతిని నరికారు. సొంత మతస్థులతో సొంత భాషలోనే వాదించే ఇలాంటి పత్రికలకు పదేళ్ల ముందునుంచే స్వేచ్ఛ దొరికి ఉంటే, ఆయన ఒంటరి గొంతు అయ్యేవాడు కాదు.

భూమి దగ్గరకు వచ్చేసరికి త్రాసు అటు తిరిగిపోతుంది, ఇక్కడ నేను మెచ్చుకోవలసి వస్తున్నది నిజంగా జరిగిన చరిత్రనే. రాజ్యంలో పదో వంతు నేల నిజాం సొంత ఖర్చులకు పోయే సర్ఫ్-ఎ-ఖాస్, దాదాపు మూడో వంతు జాగీర్లు, సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసే మిగిలిన దివానీ గ్రామాల్లో దేశ్‌ముఖుల గడీలు, వెట్టిచాకిరీ. జాగీర్ల రద్దు 1949 ఆగస్టులో, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక ప్రభుత్వం కలం పోటుతో జరిగింది. కౌలుదారీ చట్టం 1950లో, ఎవరూ ఎన్నుకోని సివిల్ అధికారి ఎం.కె. వెల్లోడి ప్రభుత్వం చేతుల మీదుగా వచ్చింది. ఆ చట్టం కింద కౌలుదారులకు యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ల మాట హైదరాబాద్ చుట్టుపక్కల భూతగాదాల్లో ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. వకీళ్లు, వతన్‌దారులు, పట్టేదార్లు నిండిన శాసనసభ, అది 1938ది కానీ 1947ది కానీ, ఇంత తొందరగా ఆ పని చేసి ఉండేదని నేను నమ్మను. అలాగని ఆ పుణ్యం సైనికాధికారులది కూడా కాదు. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు దొడ్డి కొమురయ్య నేలకొరిగిన దగ్గరి నుంచి నల్లగొండ, వరంగల్ పల్లెల్లో లేచిన రైతాంగం భూములు పంచుకోకపోయి ఉంటే, ఆ కలం కదిలేది కాదు.

అయితే కమ్యూనిస్టులు నడిపిన ఆ సాయుధ రైతాంగ పోరాటమే గెలిచి ఉంటే అని అడిగేవారుంటారు. గడీలను ఖాళీ చేయించి గ్రామ కమిటీలు పెట్టిన దశ వరకు అది ఈ నేల మీద వచ్చిన అన్నిటికంటే లోతైన ప్రజాస్వామ్య ఉద్యమమే. 1948 సెప్టెంబర్ తర్వాత మాత్రం దాని ఎదుట ఉన్నది నిజాం కాదు, యూనియన్ సైన్యం. ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి వంటివారే కొనసాగించవద్దన్నారు, 1951 అక్టోబర్‌లో విరమించారు. 1952 ఎన్నికల్లో నల్లగొండ ప్రజలు ఆయనను నెహ్రూను మించిన మెజారిటీతో లోక్‌సభకు పంపారు. ఆ పోరాటానికి దక్కగలిగిన గెలుపు అదేనని, అది దక్కిందని అనుకుంటాను.

ఉద్యోగాలు, భాష విషయంలో మళ్లీ 1938దే పైచేయి. పోలీస్ యాక్షన్ తర్వాత మద్రాసు నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి అధికారులు దిగారు. ఉర్దూలో చదువుకుని సర్కారు కొలువు మీద ఆశ పెట్టుకున్న స్థానికులు, వాళ్లలో ముస్లింలు మరీ ఎక్కువగా, రాత్రికి రాత్రి పనికిరానివాళ్లయ్యారు. బూర్గుల రామకృష్ణారావు ఎన్నికైన ముఖ్యమంత్రిగా పగ్గాలు పట్టిన ఆరు నెలలకే, 1952 సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర ముల్కీ ఉద్యమకారుల మీద కాల్పులు జరిగాయి. ఎన్నికైన సభ 1938 నుంచే ఉంటే తెలుగు, మరాఠీ, కన్నడాలు ఉర్దూ పక్కన పాఠశాలల్లోకి, కచేరీల్లోకి మెల్లగా వచ్చేవి, 1947లో ఆ సభే చేరిక తీర్మానం చేసేది. మూడు భాషల మనుషులు 1956లో విడిపోవడం బహుశా ఆగేది కాదు, కానీ తెలంగాణ తరఫున బేరం ఢిల్లీలో కొందరు నాయకులు సంతకం చేసిన పెద్దమనుషుల ఒప్పందంగా కాక, పద్దెనిమిదేళ్ల అనుభవమున్న శాసనసభ పెట్టిన షరతులుగా సాగి ఉండేది.

అందువల్ల నా ఓటు 1938కే, ఒక షరతుతో. ఆ శాసనసభకు ఓటర్ల జాబితా ఎవరిదన్నది ముఖ్యం. 1939 పథకంలో ఉన్నట్టు వృత్తులవారీగా సీట్లు పంచి, కౌలుదారుడి, కూలివాడి మాటకు బలం లేకుండా చేసి ఉంటే ఆ సభ గడీల సభే అయ్యేది, కడవెండి దానికి వ్యతిరేకంగానే లేచేది. అప్పుడు ఆలస్యంగా వచ్చినా వయోజన ఓటును వెంట తెచ్చే 1947 గెలుపునే ఎంచుకుంటాను.