షట్టర్ స్ప్రింగుల విడి సెట్టు: సరుకు మంచిదే, సొంతంగా బిగించుకోవడం మాత్రం వద్దు

మడిగె షట్టరైనా, ఇంటి ముందు కారు పెట్టుకునే గది షట్టరైనా స్ప్రింగు తెగితే వరంగల్, హన్మకొండ హార్డ్‌వేర్ దుకాణాల్లో విడిగా కొనుక్కోవచ్చు. స్ప్రింగు వరకు అయిదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. ఒకటి తగ్గించింది ఎందుకంటే, ఏ నట్టు ముట్టుకోవద్దో చెప్పే చిన్న కాగితం కూడా దాంతో రాదు. ఇంట్లో నిచ్చెన వేసుకుని సొంతంగా బిగించుకునే ఆలోచనకైతే సున్నా.

లెక్క చూడండి. 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు షట్టర్‌కు 1.25 మిల్లీమీటర్ల రేకు వాడితే, చదును రేకు బరువే 70 కిలోలు దాటుతుంది. పట్టీల మడతలు, కింది యాంగిల్ కలిస్తే ఇంకా ఎక్కువ. దాన్ని ఒంటి చేత్తో గుంజగలుగుతున్నామంటే, ఆ బరువును పైన పైపు మీది స్ప్రింగులు మోస్తున్నట్టు. షట్టర్ దించినప్పుడు స్ప్రింగు బాగా చుట్టుకుని బిగువెక్కుతుంది, లేపినప్పుడు ఆ బిగువే సాయం పడుతుంది.

ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఇక్కడే. షట్టర్ పూర్తిగా పైకి లేపినం కదా, ఇంక బిగువు ఉండదనుకుంటారు. ఉంటుంది. బిగించే రోజే ముందుగా ఇచ్చిన చుట్లు స్ప్రింగులో అట్లనే ఉంటాయి. పైపును బ్రాకెట్‌కు బిగించి పట్టే యూ క్లాంపు నట్లు వదులు చేయగానే పైపు గిర్రున తిరుగుతుంది. దానికి పట్టిన పైప్ పానా కూడా తిరిగి మణికట్టుకో, దవడకో తగులుతుంది. నిచ్చెన మీద ఉన్న మనిషికి పక్కకు జరిగే చోటు కూడా ఉండదు. ఇంకో వైపు, పట్టు పోయిన షట్టర్ ఒక్కసారిగా కిందికి జారుతుంది.

ఫోన్లో చూసే విదేశీ గ్యారేజ్ తలుపుల వీడియోలు ఇక్కడ పనికిరావు. వాటి స్ప్రింగు చివర కడ్డీలు దూర్చి తిప్పే రంధ్రాల గిన్నె ఉంటుంది, దానికి సరిపోయే రెండు ఉక్కు కడ్డీలతోనే తిప్పుతారు. మన షట్టర్‌కు ఆ ఏర్పాటే లేదు.

పని తెలిసిన మెకానిక్ అయితే ఒక్కడే రాడు, కనీసం ఇద్దరు వస్తారు. షట్టర్ పైకి లేపి, చుట్ట విప్పుకోకుండా గొలుసుతో కట్టి, కింద ఆధారం పెడతారు. ఒకరు పానాతో పైపును గట్టిగా పట్టుకున్నాకే రెండో మనిషి క్లాంపు నట్టు మీద చెయ్యి వేస్తాడు. రెండు పానాలు మార్చి మార్చి పట్టుకుంటూ, చుట్లు లెక్కపెడుతూ మెల్లగా వదులుతారు. ఈ లెక్క పెట్టని వాడికి పని ఇవ్వొద్దు. కొత్త స్ప్రింగుకు ఎన్ని చుట్లు ఇవ్వాలో తెలిసేది అక్కడే.

కొనేటప్పుడు పాత ముక్క వెంట తీసుకెళ్లి స్ప్రింగు పట్టీ వెడల్పు, మందం, చుట్టు తిరిగే దిక్కు సరిచూడాలి. ఒకటి తెగితే అన్నీ మార్చడమే మేలు. మిగతావీ అంతే కాలం నలిగినవి, ఒక్క కొత్తదాన్ని కలిపితే బరువు సమానంగా పడదు. తెగినదాన్ని నడుమ వెల్డింగ్ చేయిస్తే మాత్రం డబ్బు దండగే. వేడికి ఉక్కు పదును పోయి, అతుకు పక్కనే మళ్లీ తెగుతుంది. స్ప్రింగు పోయిన షట్టర్‌కు మోటారు పెట్టించడం కూడా అంతే, బరువంతా మోటారు మీద పడుతుంది.

చేత్తో గుంజే షట్టర్ ఎంత పెద్దది ఉండొచ్చన్నదానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 6248 హద్దు పెట్టింది: బాల్ బేరింగులు లేకుండా 8 చదరపు మీటర్లు, ఉంటే 12. అంతకు మించితే గేరు ఉండాలి. గోదాము షట్టర్‌కు స్ప్రింగులు తరచూ తెగుతుంటే ముందు ఈ కొలత చూడండి.

సొంతంగా చేసుకోదగ్గ పని ఒకటుంది. రెండు పక్కల గైడ్ చానళ్లు తుడిచి, పలుచని నూనె రాయడం. పత్తి, మిర్చి అమ్మే వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మడిగెలకు ఇది మరీ అవసరం. చానల్‌లో గ్రీజు దట్టిస్తే పత్తి నూగు, మిర్చి దుమ్ము అంటుకుని ముద్ద కడుతుంది, షట్టర్ ఒక పక్కకు ఒరిగి పడుతుంది. తుడిచాక షట్టర్‌ను నడుము ఎత్తులో మెల్లగా వదలబోయి చూడండి, చెయ్యి పూర్తిగా తీయకుండా. అక్కడే ఆగితే బిగువు సరిగ్గా ఉన్నట్టు. బరువుగా కిందికి గుంజితే కింద ఎవరినీ నిలబడనీయకుండా దించేసి, మెకానిక్ వచ్చేదాకా ముట్టుకోకండి.