ఆప్ట్: పదమూడేళ్లు వాడిన తర్వాత

2012 చివర్లో ఉబుంటు 12.04 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్న రోజు నుంచి సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయాలన్నా, అప్‌గ్రేడ్ చేయాలన్నా టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, ఆ పనికే ఉన్న ఆప్ట్ అనే ప్రోగ్రామునే వాడుతున్నాను. ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో డెబియన్ 13 అనే మరో లినక్స్ ఉంది, నేను చూసుకునే రెండు చిన్న సర్వర్లలో డెబియన్ 12 ఉంది. ఇన్నేళ్లలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన సందర్భాలు ఐదారు ఉంటాయి. వాటిలో చాలావరకు ఆప్ట్ ముందే చెప్పింది, నేనే చదవలేదు. ఈ సమీక్షలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది దాని గురించే.

కొత్తవాళ్లు ముందుగా తడబడేది అప్‌డేట్, అప్‌గ్రేడ్ అనే రెండు మాటల దగ్గర. నేను మొదటి రెండు నెలలు అప్‌డేట్ ఒక్కటే కొట్టి, అన్నీ కొత్తవైపోయాయని అనుకున్నాను. అప్‌డేట్ చేసేది ఒకటే పని: ఏ ప్యాకేజీ (ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా కట్టిపెట్టిన సాఫ్ట్‌వేర్) ఏ వెర్షన్‌లో దొరుకుతుందో ఆ పట్టికలను సర్వర్ నుంచి తెచ్చుకోవడం. మన కంప్యూటర్లోని ప్రోగ్రాములను అది ముట్టుకోదు. కొత్త వెర్షన్లు వేసేది అప్‌గ్రేడ్. అది కూడా ఉన్న ప్యాకేజీ దేన్నీ తీసేయదు. ఏదైనా తీసేస్తే తప్ప కుదరదంటే, అప్‌గ్రేడ్ కావాల్సినదాన్ని అలాగే ఆపి ‘కెప్ట్ బ్యాక్’ అని చూపిస్తుంది. ఫుల్-అప్‌గ్రేడ్ మాత్రం అవసరమైతే తీసేస్తుంది. అందుకే రోజువారీ పనికి అప్‌గ్రేడ్, డెబియన్ ఒక విడుదల నుంచి తర్వాతి విడుదలకు వెళ్లేటప్పుడే ఫుల్-అప్‌గ్రేడ్ వాడతాను.

అసలు ఇన్‌స్టాల్ చేసేది ఆప్ట్ కాదు, దాని కింద ఉండే డీపీకేజీ. డీపీకేజీకి ఒక ఫైలు ఇస్తే దాన్ని విప్పి ఎక్కడ పెట్టాలో అక్కడ పెడుతుంది. దానికి కావాల్సిన వేరే లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే కోడ్) లేకపోతే లేదని చెప్పి ఆగిపోతుంది. ఆ లైబ్రరీ ఎక్కడుంది, దానికి మళ్లీ ఏం కావాలి, ఏది దేనితో పడదు అనే లెక్కంతా వేసేది ఆప్ట్. 1999లో వచ్చిన డెబియన్ 2.1 నుంచి ఈ పని చేస్తోంది. డెబియన్ 13లో ప్యాకేజీలు 69 వేలకు పైనే ఉన్నాయి. అన్నింటి మధ్య ఆ లెక్క కొన్ని క్షణాల్లో తేలుతుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

లెక్క తేలాక అది ఒక జాబితా చూపిస్తుంది: ఇవి కొత్తగా వస్తాయి, ఇవి మారతాయి, ఇవి పోతాయి, డిస్క్‌లో ఇంత చోటు పడుతుంది. తర్వాత ‘వై’ నొక్కమంటుంది. 2016లో కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ కోసం బయటి రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే సర్వర్) ఒకటి కలిపాను. కొన్ని వారాల తర్వాత ఒక వీడియో ఎడిటర్ ఇన్‌స్టాల్ చేయబోతే, జాబితా చివర ‘47 టు రిమూవ్’, అంటే 47 ప్యాకేజీలు తీసేస్తానని వచ్చింది. నేను చూడకుండానే వై నొక్కేశాను. రీబూట్ చేస్తే డెస్క్‌టాప్ లేదు, నల్లటి తెరమీద లాగిన్ ఒక్కటే ఉంది. ఆ రాత్రి పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

గట్టెక్కించింది కూడా ఆప్టే. అది చేసిన ప్రతి పనినీ, తేదీ, సమయంతో సహా, హిస్టరీ డాట్ లాగ్ అనే ఫైలులో రాసి పెడుతుంది. లాగ్ డైరెక్టరీలో ఆప్ట్ అనే ఫోల్డర్ తెరిస్తే కనిపిస్తుంది. ‘రిమూవ్’ అనే వరుసలో ఆ 47 పేర్లూ ఉన్నాయి. తర్వాత ఏ ప్యాకేజీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ‘ఆప్ట్ పాలసీ’ కొట్టి చూస్తే, గొడవకు కారణమైన లైబ్రరీ ఆ బయటి రిపాజిటరీ నుంచి వచ్చిందని తేలింది. రిపాజిటరీని తీసేసి, ఆ లైబ్రరీకి పాత వెర్షన్ నంబర్ ఇచ్చి వెనక్కి దించి, మిగతావి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. రెండు గంటల్లో డెస్క్‌టాప్ తిరిగొచ్చింది, నా ఫైళ్లు ఒక్కటీ పోలేదు. అప్పటి నుంచి బయటి రిపాజిటరీ కలపాలంటే పదిసార్లు ఆలోచిస్తున్నాను. కొంచెం అనుమానం ఉన్నా ‘మైనస్ ఎస్’ చేర్చి కొడతాను. అప్పుడు ఏం చేస్తుందో చూపిస్తుంది గానీ ఏమీ చేయదు.

అంత జాగ్రత్తగా చదవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మనం మార్చుకున్న సెట్టింగ్స్ ఫైలుకు ప్యాకేజీలో కొత్త రూపం వచ్చినప్పుడు, పాతది ఉంచాలా, కొత్తది వేయాలా అని అడుగుతుంది. ఏమీ రాయకుండా ఎంటర్ కొడితే మనది ఉంచేస్తుంది. ఒకసారి సర్వర్లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్లోకి వెళ్లడానికి వాడేది) సెట్టింగ్స్ ఫైలుకు అలవాటుకొద్దీ వై నొక్కాను. నేను మార్చి పెట్టుకున్న పోర్ట్ నంబర్ పోయింది, మర్నాడు సర్వర్లోకి వెళ్లలేకపోయాను. ‘డీ’ నొక్కి రెండింటికీ తేడా చూడటం అర నిమిషం పని.

అప్‌గ్రేడ్ మధ్యలో బ్యాటరీ అయిపోయి ల్యాప్‌టాప్ ఆగిపోవడం రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ ‘డీపీకేజీ కాన్ఫిగర్’ ఆదేశాన్ని ‘మైనస్ ఏ’తో కొడితే సగంలో ఆగినవన్నీ పూర్తయ్యాయి. ఒకేసారి ఇద్దరు మార్పులు చేయకుండా ఆప్ట్ ఒక తాళం, అంటే లాక్ వేసుకుంటుంది; ‘లాక్ దొరకలేదు’ అనే మెసేజ్ వస్తే కంగారు పడక్కర్లేదు. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తూ ఉంటుంది, కాసేపు ఆగితే చాలు. లాక్ ఫైలును డిలీట్ చేయమని ఎవరైనా చెబితే వినకండి. రెండు ప్రాసెస్‌లు ఒకేసారి డీపీకేజీ డేటాబేస్‌లో రాస్తే అది పాడైపోతుంది.

భద్రత విషయంలో నాకు పూర్తి నమ్మకం ఉంది. పట్టికల మీద డిజిటల్ సంతకం ఉంటుంది, పట్టికల్లో ప్రతి ప్యాకేజీకీ హాష్ (ఫైలులో ఏం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి కోడ్) ఉంటుంది. మధ్యలో ఎవరు మార్చినా దొరికిపోతుంది. ఒకసారి మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి పాత కంప్యూటర్లో తేదీ వెనక్కి వెళ్లింది. అప్‌డేట్ కొడితే ‘ఈ రిలీజ్ ఫైలు (సంతకం ఉండే ఫైలు) ఇంకా చెల్లదు’ అంది. సర్వర్లో తప్పుందనుకుని గంటసేపు వెతికాక గడియారం చూశాను. ఆ మెసేజ్‌లోనే తేదీ సరిచూసుకోమని ఒక మాట ఉంటే బాగుండేది.

లోటుపాట్లూ ఉన్నాయి. నేను వాడిన వెర్షన్లలో చేసిన పనిని వెనక్కి తిప్పే ఆదేశం లేదు. ఫెడోరా అనే మరో లినక్స్ వాడేవాళ్లకు, ఆప్ట్ లాంటి డీఎన్ఎఫ్‌లో హిస్టరీ అన్‌డూ చాలా ఏళ్లుగా ఉంది. 2016లో అదే నాకుంటే రెండు గంటలు మిగిలేవి. పేర్ల గందరగోళం ఇంకా పోలేదు: ఆప్ట్-గెట్, ఆప్ట్-క్యాష్, ఆప్ట్-మార్క్ ఉండగా, 2014లో ఆప్ట్ అనే ఆదేశం వచ్చి చాలా పనులను ఒకచోటికి చేర్చింది. కానీ స్క్రిప్టులో దాన్ని వాడితే జాగ్రత్త అని హెచ్చరిస్తుంది, కాబట్టి అక్కడ ఇప్పటికీ ఆప్ట్-గెటే రాయాలి. చేతితో కొట్టేటప్పుడు ఆప్ట్ హాయిగా ఉంటుంది. డెబియన్ స్టేబుల్‌లో (బాగా పరీక్షించి విడుదల చేసే రూపంలో) ప్రోగ్రాముల వెర్షన్లు పాతవి అనేవాళ్లున్నారు. నిజమే, కానీ అది డెబియన్ కావాలనే తీసుకున్న నిర్ణయం, ఆప్ట్ లోపం కాదు. నా సర్వర్లకు అదే కావాలి.

డెబియన్ 13తో వచ్చిన ఆప్ట్ 3.0లో జాబితా రూపం మారింది. వచ్చేవి పచ్చగా, పోయేవి ఎర్రగా, వరుసలు విడివిడిగా కనిపిస్తాయి. పోయేవాటిని అన్నింటికన్నా చివర, వై నొక్కే ప్రశ్నకు దగ్గరగా పెట్టారు. మొన్న ఒక పాత ప్యాకేజీ తీసేస్తుంటే నాలుగు పేర్లు ఎర్రగా కనిపించాయి. అందులో ఒకటి నేను రోజూ వాడే ప్రింటర్ డ్రైవర్. ‘ఎన్’ నొక్కాను.