ఆల్ఫా కోర్సు మన సంఘాల్లో నడుస్తుందా?

దేవుడి గురించి, చావు గురించి, బాధల గురించి ప్రశ్నలున్నవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించే క్రైస్తవ కోర్సు ఆల్ఫా. 1977లో లండన్‌లోని హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ చర్చిలో కొత్త విశ్వాసుల పాఠాలుగా మొదలైంది. 1990లో అక్కడి పాస్టరు నికీ గంబెల్ చేతికి వచ్చాక, చర్చి గడప తొక్కనివాళ్ల కోసం మార్చారు. పద్ధతికి మంచి మార్కులే వేస్తాం. పాఠాల విషయంలో మాత్రం తెలుగు సంఘాలు చాలాచోట్ల మార్పులు చేసుకోవాలి.

వారానికో సాయంత్రం చొప్పున పది, పదకొండు వారాలు నడుస్తుంది. ముందు భోజనం, తర్వాత దాదాపు అరగంట వీడియో, ఆపైన ముప్పావు గంట నుంచి గంట వరకు చర్చ. వచ్చినవాళ్ల దగ్గర పైసా తీసుకోరు. సంఘం పేరు నమోదు చేసుకుంటే వీడియోలు, చర్చా ప్రశ్నలు ఉచితమే, ఖర్చంతా వంటకే. బిర్యానీ జోలికి మాత్రం పోకండి. వడ్డన ఆలస్యమవుతుంది, తిన్నాక వీడియోకి సగం మంది కునుకు తీస్తారు. పులిహోర, పెరుగన్నం చాలు.

కోర్సుకు ప్రాణం చర్చే. ఒక్కో బల్ల దగ్గర పది, పన్నెండు మంది, వాళ్లలో ఇద్దరు ముగ్గురు నడిపించేవాళ్లు. వాళ్ల పని జవాబు చెప్పడం కాదు, "మిగతావాళ్లేమంటారు?" అని ప్రశ్నను మళ్లీ బల్ల మీదికి తోయడం. మన దగ్గర దెబ్బతినేది ఇక్కడే. పాస్టరుగారు వచ్చి కూర్చున్నారంటే "అవునండి అయ్యగారూ" తప్ప ఇంకో మాట బయటికి రాదు. ఆయన్ను భోజనాల వరకు ఉండమనండి, చర్చ మొదలయ్యే వేళకు పంపించేయండి. వరసల్లో కుర్చీలు వద్దు, గుండ్రంగా వేయండి. మైకు అసలే వద్దు. చెప్పిన టైముకి ముగించండి. ముగింపు ప్రార్థన ఇరవై నిమిషాలు సాగిందంటే రెండో వారం కుర్చీలు ఖాళీగా కనిపిస్తాయి.

ఇక పాఠాలు. యేసు ఎవరన్న పాఠానికి వెన్నెముక క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ వాదన: తనను దేవుడన్నవాడు పిచ్చివాడైనా కావాలి, మోసగాడైనా కావాలి, లేదా నిజంగా దేవుడే కావాలి. దేవుడన్న మాటకు ఒకే అర్థం ఉన్న లండన్‌లో ఇది పనిచేస్తుంది. హైదరాబాద్‌లో అదే వాదన విన్న హిందూ మిత్రుడు "దేవుడేనండీ, మాకు అవతారాలు కొత్తా?" అని హాయిగా ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నందుకు అతను వదులుకోవాల్సింది ఏమీ లేదు, వాదన అక్కడే చప్పబడుతుంది. సువార్తల్లోని ఆ మాటలు యేసు నిజంగా అన్నవేనా అని అడిగేవాళ్లకూ ఇందులో జవాబు లేదు. అందుకే వీడియోకి ముందు పది నిమిషాలు తీసుకుని ద్వితీయోపదేశకాండము 6:4, ఆ వెంటనే మార్కు 14:61–64 చదివించండి. దేవుడొక్కడే అని రోజూ వల్లించే జనం మధ్య యేసు తాను దేవుని కుమారుణ్ణని ఒప్పుకున్నాడు, ప్రధానయాజకుడు అది దేవదూషణ అంటూ బట్టలు చించుకున్నాడు. ఆ చింపుడు ఎందుకో అర్థమైతే తప్ప లూయిస్ వాదనకు పదును రాదు.

నడుమ పరిశుద్ధాత్మ గురించి ఒక వారాంతం ఉంటుంది. బ్రదరెన్, బాప్టిస్టు నేపథ్యం ఉన్నవాళ్లు ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడే ప్రస్తావన రాగానే బిగుసుకుంటారు, పెంతెకొస్తువాళ్లకేమో చప్పగా ఉంటుంది. అదంతా వద్దనుకునేవాళ్లకు లండన్‌లోని ఆల్ సోల్స్ చర్చి నుంచి వచ్చిన క్రిస్టియానిటీ ఎక్స్‌ప్లోర్డ్ అనే కోర్సు ఉంది. మార్కు సువార్త ఒక్కటే పట్టుకుని నడుస్తుంది, తక్కువ వారాల్లో అయిపోతుంది. కాకపోతే అందులో బోధ పాలు ఎక్కువ.

మాకు మింగుడుపడని లోటు ఒకటుంది. బాధ ఎందుకన్న ప్రశ్నకు ప్రధాన పాఠాల్లో విడిగా ఒక వారం లేదు, ఇతర మతాల సంగతీ అంతే. గంబెల్ వాటిని వేరే పుస్తకంలో పెట్టారు. మన దగ్గర మొదటి రోజే బల్ల మీదికి వచ్చేవి ఆ రెండే. బాధ కోసం ఒక వారం అదనంగా పెట్టుకోండి. వీడియో వద్దు, లాజరు చావు గురించి చెప్పే యోహాను సువార్త 11వ అధ్యాయం చాలు. నడిపించేవాళ్లకు ముందే ఒక షరతు పెట్టండి: "అంతా దేవుని చిత్తం" అన్న మాట ఆ సాయంత్రం ఎవరి నోటా రాకూడదు. లాజరు అక్కచెల్లెళ్లు మార్త, మరియ ఇద్దరూ యేసుతో అన్నది ఒకటే మాట, నువ్విక్కడ ఉండి ఉంటే మా సోదరుడు చనిపోయేవాడు కాదని. 21వ వచనం, 32వ వచనం పక్కపక్కన పెట్టి చదివించండి. మార్తతో ఆయన పునరుత్థానం గురించి మాట్లాడాడు. మరియ దగ్గర ఏడ్చాడు. ఒకే మాటకు రెండు రకాలుగా ఎందుకు స్పందించాడని అడిగి, నడిపించేవాళ్లు మౌనంగా కూర్చోవాలి.